అడవి అంచున కాపురం

నల్లమల, శేషాచలం, కవ్వాల్, కౌండిన్య, పార్వతీపురం మన్యం. తెలుగు నేల మీది ఈ అడవుల అంచు ఇప్పుడు ఎక్కడా ఖాళీగా లేదు. హద్దురాయి దాటితే చాలు, పత్తిచేనో మామిడితోటో జీడితోటో మొదలవుతుంది. ఆ వెంటే గూడెమో పల్లెయో కనబడుతుంది. ఈ అంచున మనిషికీ అడవి జంతువుకూ ఇరుగుపొరుగు ఈనాటిది కాదు. చేలో మంచె వేసుకుని వడిసెల తిప్పడం, రాత్రంతా మంట వేసుకుని డప్పు కొట్టడం, పంటలో కొంత పిట్టకూ పందికీ పోతుందని ముందే లెక్క వేసుకోవడం సేద్యంలో భాగంగానే నడిచాయి. గడిచిన నలభై ఏళ్లలో ఆ అమరిక చెదిరింది. అడవి ముక్కలైన కొద్దీ అంచు పొడవు పెరిగింది. అంచున వేసే పంటకు పెట్టుబడి పెరిగింది. మంచె మీద కూర్చునే మనిషి మాత్రం తగ్గాడు.

పత్రికల్లో ‘వన్యప్రాణుల దాడి’ అనే ఒక్క శీర్షిక కింద వచ్చే వార్తల్లో మూడు వేర్వేరు నష్టాలు కలిసిపోతుంటాయి: మనిషి ప్రాణం, పశువు, పంట. మొదటిది అరుదు. మూడోది అంచు ఊళ్లలో దాదాపు రోజూ ఉండేది. వార్త మొదటిదానికే దక్కుతుంది, అప్పు మూడోదానివల్ల పెరుగుతుంది. ప్రాణనష్టంలోనూ భయానికీ లెక్కకూ పొంతన ఉండదు. 2022 గణన ప్రకారం దేశంలో పులులు సగటున 3,682. అందులో ఆంధ్రప్రదేశ్‌లో 63, తెలంగాణలో 21 (2018లో ఈ అంకెలు 48, 26). ఇంత తక్కువ పులులున్న చోట పులి చేతిలో చనిపోయేవారు ఏళ్ల తరబడి ఒక్కరు కూడా లేకపోవచ్చు. ఏనుగుల వల్ల దేశంలో ఏటా 500 మందికి పైగా చనిపోతున్నారు. పాముకాటుతో 2000 నుంచి 2019 వరకు సుమారు 12 లక్షల మంది, అంటే ఏటా 58 వేల మంది చనిపోయారని ఒక పెద్ద అధ్యయనం అంచనా వేసింది. ఆ మరణాలు ఎక్కువగా నమోదైన రాష్ట్రాల్లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ ఒకటి. పులి కోసం వేసిన కమిటీల్లో పదోవంతు కూడా కట్లపాము కోసం వేసినట్టు కనబడదు.

పులి

నాగార్జునసాగర్–శ్రీశైలం అభయారణ్యం 1983లో పులుల సంరక్షణ పథకంలో చేరింది. రాష్ట్ర విభజన తర్వాత కృష్ణకు ఉత్తరాన ఉన్న భాగం 2,611 చదరపు కిలోమీటర్ల అమ్రాబాద్ టైగర్ రిజర్వుగా తెలంగాణకు వచ్చింది. నదికి దక్షిణాన ఉన్న నల్లమల ఆంధ్రప్రదేశ్‌లో ఉండిపోయింది. తెలుగు రాష్ట్రాల పులుల్లో ఎక్కువ భాగం ఇక్కడివే. అయినా నల్లమలలో పులి మనిషిని చంపిన వార్త చాలా అరుదు. దుప్పి, కణితి, మనుబోతు, అడవిపంది దొరికినంత కాలం పులికి మనిషి జోలికి రావలసిన పని లేదు. లోపలి పెంటల్లో (గూడేల్లో) ఉండే చెంచులకు దాని నడక, దాని వేళ తెలుసు. 2023 మార్చిలో నంద్యాల జిల్లా పెద్ద గుమ్మడాపురం దగ్గర నాలుగు పులిపిల్లలు కనబడినప్పుడు ఊరివాళ్లు వాటిని కుక్కలబారి నుంచి కాపాడి గదిలో భద్రంగా ఉంచి, అటవీ శాఖకు కబురు పెట్టారు. తల్లిపులితో వాటిని కలపాలని రోజుల తరబడి చేసిన ప్రయత్నం ఫలించలేదు. చివరికి పిల్లలు తిరుపతి జంతు ప్రదర్శనశాలకు చేరాయి. తల్లి ఏ రాత్రికైనా ఊరిమీదికి రావచ్చని తెలిసి కూడా ఊరు పిల్లలకు హాని చేయలేదన్నది ఆ ఘటనలో గుర్తుంచుకోవలసిన సంగతి.

కుమ్రం భీం ఆసిఫాబాద్ జిల్లాలో పరిస్థితి వేరు. అక్కడికి పులులు మహారాష్ట్ర వైపు నుంచి, ముఖ్యంగా తడోబా అడవుల నుంచి నదులు దాటి వస్తాయి. తల్లిని విడిచి సొంత చోటు వెతుక్కునే వయసు పులులు ఇవి. కవ్వాల్ వైపు సాగే వాటి దారి చేల మీదుగా, ఊళ్ల పక్కగా పోతుంది. 2020 నవంబరులో ఈ జిల్లాలో ఇద్దరు, 2024 నవంబరులో కాగజ్‌నగర్ మండలంలో ఒక మహిళ పులి దాడిలో చనిపోయారు. నవంబరు పత్తి ఏరే నెల. నడుము ఎత్తు పత్తిలో వంగి ఏరుతున్న మనిషి దూరం నుంచి నిలువెత్తు మనిషిగా కాక నాలుగుకాళ్ల జంతువులా కనబడడం ఇలాంటి దాడులకు ఒక కారణమని నిపుణులు చెబుతారు. అందుకే ఆ నెలల్లో అటవీ సిబ్బంది ఊరూరా తిరిగి ఒంటరిగా చేలకు పోవద్దని, పొద్దు బాగా ఎక్కాక వెళ్లి పొద్దుండగానే ఇల్లు చేరమని దండోరా వేయిస్తున్నారు. 2024 జనవరిలో కాగజ్‌నగర్ అడవుల్లో రెండు పులులు రోజుల తేడాతో చనిపోయి కనబడ్డాయి. పశువు కళేబరానికి విషం పూశారన్న అనుమానం వచ్చింది. చచ్చిన ఆవుకు సొమ్ము ఎప్పుడు వస్తుందో తెలియని ఊళ్లో ఆ పని ఎవరికైనా తోచేదే.

చిరుత

చిరుతకు దట్టమైన అడవే కావాలని లేదు. కుక్క, మేక, ఊరపంది దొరికితే కొండగుట్ట, చెరకుతోట, ఊరవతల ముళ్లపొద ఏదైనా సరిపోతుంది. 2024లో శంషాబాద్ విమానాశ్రయం ఆవరణలో తిరిగిన చిరుతను బోనులో పట్టారు. అదే ఏడాది సెప్టెంబరులో రాజమహేంద్రవరం శివారు దివాన్‌చెరువు దగ్గర కనబడిన మరో చిరుత చాలా రోజులు చిక్కకుండా తిరిగి, కడియం నర్సరీల దాకా వెళ్లింది. అన్ని రోజులూ నర్సరీ కూలీల పని ఆగిపోయింది, సాయంత్రమైతే వీధులు ఖాళీ అయ్యాయి. చిరుత మాత్రం ఒక్క మనిషిని కూడా గాయపరచలేదు. ఈ జంతువు విషయంలో సాధారణంగా జరిగేది ఇదే.

దీనికి విరుద్ధంగా జరిగింది తిరుమల అలిపిరి నడకదారిలో. 2023 ఆగస్టులో తల్లిదండ్రులతో మెట్లు ఎక్కుతున్న ఆరేళ్ల పాపను చిరుత ఎత్తుకుపోయి చంపింది. అంతకు రెండు నెలల ముందు అదే దారిలో ఒక బాలుడు దాడికి గురై ప్రాణాలతో బయటపడ్డాడు. శేషాచలం 1989 నుంచి జాతీయ ఉద్యానం, 2010 నుంచి జీవావరణ రక్షిత ప్రాంతం కూడా. అంటే మెట్లదారి అడవి పక్కన కాదు, అడవి నడుమన ఉంది. భక్తులు జింకలకు పెట్టే పండ్లు, దుకాణాల నుంచి పారేసే తిండి పందులనూ కుక్కలనూ దారి పక్కకు రప్పిస్తే వాటి వెనకే చిరుత వస్తుంది. ఘటన తర్వాత దేవస్థానం పిల్లలతో నడిచేవారిని మధ్యాహ్నం రెండు దాటాక దారిలోకి వదలలేదు, భక్తులను గుంపులుగా పంపింది, జంతువులకు తిండి పెట్టడాన్ని నిషేధించింది, చేతికర్రలు పంచింది. కర్రల మీద బోలెడు హాస్యం పుట్టింది. ఆ హాస్యంలో పడి మొదటి మూడు నిబంధనల విలువ ఎవరికీ పట్టలేదు. బోనుల్లో పడిన చిరుతల కంటే ఆ మూడే ఎక్కువ పని చేస్తాయి. ఎందుకో ముందుకు పోతే తెలుస్తుంది.

ఏనుగు

తెలుగు ప్రాంతంలో ఏనుగు తరాల తరబడి గుడి ఏనుగుగానో సర్కసు ఏనుగుగానో తప్ప కనబడలేదు. 1980లలో, కరువు రోజుల్లో, తమిళనాడు, కర్ణాటక అడవుల నుంచి చిన్న మందలు కుప్పం, పలమనేరు వైపు దిగాయి. వాటి కోసమే 1990లో కౌండిన్య అభయారణ్యం ఏర్పడింది, సుమారు 358 చదరపు కిలోమీటర్లు. సన్నగా పొడుగ్గా సాగిన ఆ అడవి, రోజుకు వంద కిలోలు దాటి మేత కావలసిన జంతువుకు ఇరుకే. చుట్టూ చెరకు, వరి, రాగి, అరటి, మామిడి ఉన్నాయి. ఒక్క రాత్రి మంద దిగితే ఎకరం చెరకు మిగలదు. తిన్నదానికన్నా తొక్కిందే ఎక్కువ ఉంటుంది. బోరు పైపులు, డ్రిప్పు గొట్టాలు, కొబ్బరి మొలకలు అన్నీ అందులో పోతాయి.

ఇన్నేళ్లలో చిత్తూరు జిల్లా రైతూ అటవీ శాఖా ప్రయత్నించని ఉపాయం లేదు. కందకం తవ్వారు. వానకు గట్టు కూలిన చోట ఏనుగులు దాటాయి. సౌరవిద్యుత్తు కంచె వేశారు. కరెంటు పారని ఎండుదుంగను తీగల మీద పడేసి దాటడం అవి నేర్చుకున్నాయి. టపాకాయలకు మొదట్లో బెదిరి, తర్వాత అలవాటు పడ్డాయి. ఏనుగు తెలివిగలదని పొగిడేవాళ్లలో దాని పక్క పొలం ఉన్నవాళ్లు తక్కువ. 2025 మేలో కర్ణాటక ప్రభుత్వం శిక్షణ పొందిన కుంకీ ఏనుగులను ఆంధ్రప్రదేశ్‌కు అప్పగించింది. పలమనేరు దగ్గర ముసలిమడుగులో వాటికి శిబిరం ఏర్పాటైంది. కుంకీ మందను వెనక్కి నెట్టగలదు. నెట్టిన చోట మేత, నీరు లేకపోతే మంద మళ్లీ తిరిగి వస్తుంది. కాబట్టి కౌండిన్యలో వెదురు, గడ్డి, నీటిగుంటలు పెంచకుండా కుంకీల మీదే భరోసా పెట్టడం సగం వైద్యమే అవుతుంది.

ఉత్తరాంధ్రలో ఏనుగుల కథ ఇంకా కొత్తది. ఒడిశా నుంచి 2007లో ఒకసారి, 2018లో మరోసారి వచ్చిన చిన్న మందలు శ్రీకాకుళం, పార్వతీపురం మన్యం జిల్లాల్లో కొమరాడ, కురుపాం, జియ్యమ్మవలస మండలాల మీదుగా తిరుగుతూ ఉన్నాయి. కౌండిన్యలా వీటికి తమదంటూ ఒక అడవి లేదు, ఊళ్ల మధ్యనే బతుకుతున్నాయి. అక్కడివాళ్లకు ఏనుగుతో బతికిన తాతల అనుభవమూ లేదు. 2023 మేలో భామిని మండలంలో నాలుగు ఏనుగులు విద్యుదాఘాతంతో చనిపోయాయి. తర్వాతి నెలలో పలమనేరు దగ్గర జాతీయ రహదారి దాటుతున్న మూడింటిని రాత్రిపూట లారీ గుద్దింది. 2025 ఫిబ్రవరిలో శివరాత్రికి ముందు, ఓబులవారిపల్లె మండలం గుండాలకోన దారిలో చీకట్లో కాలినడకన పోతున్న భక్తుల మీద ఏనుగులు పడి ముగ్గురు చనిపోయారు.

ఎలుగుబంటి

పులికీ ఏనుగుకూ ఉన్న పేరు ఎలుగుబంటికి లేదు. గాయాల లెక్కలో మాత్రం ఇది వెనకబడదు. దీనికి చూపు మందం, వినికిడీ అంతంతే, వాసన మాత్రం గొప్పది. గాలి ఎదురుగా వీస్తుంటే మనిషి దాదాపు మీదికి వచ్చేదాకా దానికి తెలియదు. తెలిసిన క్షణంలో పారిపోదు, మీద పడుతుంది, ముఖాన్నీ తలనూ చీరుతుంది. తినేది చెదపురుగులు, తేనె, తునికి, నేరేడు, ఇప్పపువ్వు. ఇప్ప రాలేది మార్చి, ఏప్రిల్‌లో తెల్లవారుజామున. ఆదిలాబాద్ నుంచి మన్యం దాకా ఆదివాసీ స్త్రీలు, పిల్లలు గంప పట్టుకుని చెట్టు కిందికి పోయేదీ అప్పుడే. శ్రీకాకుళం ఉద్దానంలో జీడిపండు వాసన ఎలుగులను తోటల్లోకే రప్పిస్తుంది. 2022 జూన్‌లో వజ్రపుకొత్తూరు మండలం కిడిసింగి దగ్గర ఒక ఎలుగుబంటి ఒకరిని చంపి, మరికొందరిని తీవ్రంగా గాయపరిచింది. మత్తు ఇచ్చి పట్టాక అది కూడా బతకలేదు. ఉద్దానంలో గుట్టలు క్వారీలకు పోయి ఎలుగులు దాగే రాతిసందులు తగ్గిన కొద్దీ తోటే వాటికి ఇల్లయింది. ఇది ఎలుగును అడవికి పంపితే తీరే సమస్య కాదు, పంపడానికి అక్కడ అడవి మిగిలిన చోటు కొంచెమే.

పంటను తినేవి

పందీ కోతీ జింకా కలిసి చేసే నష్టం ముందు పైవన్నీ కలిపినా చిన్నవే. అడవిపంది ఈతకు ఆరేడు పిల్లలను పెడుతుంది. పులీ చిరుతా లేని గుట్టల చుట్టూ దాన్ని తగ్గించేది ఏదీ లేదు. వేరుశనగ విత్తిన రాత్రే గింజ తవ్వుతుంది, మొక్కజొన్న కంకి పట్టాక కర్ర విరుస్తుంది. తెలంగాణలో పందిని చంపించే అనుమతి ఇచ్చే అధికారం సర్పంచులకు దక్కింది. అయితే తుపాకీ లైసెన్సు ఉన్న వేటగాడిని ఊరే వెతుక్కోవాలి, అతని ఖర్చు ఊరే పెట్టుకోవాలి, రాత్రిపూట పత్తిచేలో దాక్కున్న పందిని కాల్చాలి. అనుమతి కాగితం మీద ఉండిపోవడానికి ఇంతకన్నా కారణం అక్కర్లేదు. ఆ లోటులోకే దొంగ కరెంటు తీగ వచ్చింది. స్తంభం నుంచి లాగిన తీగను పొలం చుట్టూ జానెడు ఎత్తున కడితే పంది చస్తుంది. పులి, ఎలుగు, పక్కింటి ఆవు, తెల్లవారుజామున మోటారు వేయడానికి వచ్చిన రైతు కూడా చస్తారు. అంచు ఊళ్లలో జరిగే అన్ని పనుల్లోకీ ఇదొక్కటే ఏ సానుభూతికీ తగనిది.

రాజేంద్రనగర్ వ్యవసాయ విశ్వవిద్యాలయం శాస్త్రవేత్తలు చౌకైన ఉపాయాలు కొన్ని పరీక్షించారు. మొక్కజొన్న చుట్టూ ఆముదం వరసలు, వేరుశనగ చుట్టూ ముళ్ల కుసుమ వరసలు వేస్తే పంది వెనకాడుతుంది. రైతులు సొంతంగా పాత చీరలు కడతారు, మంగలి దుకాణం నుంచి వెంట్రుకలు తెచ్చి గట్టుమీద చల్లుతారు. వీటిలో ఏదైనా కొన్నాళ్లే పని చేస్తుంది, మార్చి మార్చి వాడాలి.

కోతి అడవి జంతువో ఊరి జంతువో చెప్పడం కష్టం. రోడ్ల విస్తరణలో మర్రి, రావి, నేరేడు చెట్లు పోవడం, గుళ్ల దగ్గర తిండి దొరకడం కలిసి దాన్ని ఊరికి తెచ్చాయి. 2015లో తెలంగాణలో హరితహారం మొదలైనప్పుడు కోతులు అడవికి తిరిగిపోవాలన్నది నినాదాల్లో ఒకటి. మొక్కలు పెరిగాయి, కోతులు పోలేదు. వండిన అన్నం రుచి ఎరిగిన మందకు పండని అడవి ఎందుకు? నిర్మల్ దగ్గర చించోలిలో 2020లో కోతుల పునరావాస కేంద్రం పెట్టి సంతాన నియంత్రణ ఆపరేషన్లు మొదలుపెట్టారు. మార్గం సరైనదే, మంద పెరిగే వేగం ముందు ఒక్క కేంద్రం చాలదు. కర్నూలు జిల్లా నల్లరేగడి మీద, నారాయణపేట కృష్ణా తీరాన కృష్ణజింకలు వందల గుంపులుగా కంది, పత్తి మొలకలను మేస్తాయి. ఇది ఆంధ్రప్రదేశ్ రాష్ట్ర జంతువు, వన్యప్రాణి సంరక్షణ చట్టం మొదటి షెడ్యూలులో ఉంది కాబట్టి రైతు చేయి ఎత్తడానికి లేదు. 1988లో బట్టమేక పక్షి కోసం ఏర్పడిన రోళ్లపాడు అభయారణ్యంలో ఆ పక్షి కనుమరుగైంది, జింకలు మాత్రం పెరిగాయి.

పందికీ కోతికీ భయపడి తెలంగాణ రైతు వేరుశనగ, కూరగాయలు, మొక్కజొన్న వదిలి అవి ముట్టని పత్తికి మారాడు. ఏపుగా పెరిగిన పత్తి పందికి మంచి దాపు అయింది. పంది ఉన్న చోటికి పులి వచ్చింది. కాగజ్‌నగర్ పత్తిచేను వార్త వెనక ఇంత కథ ఉంది.

వేళల హద్దు

ఈ ఘటనలను పక్కపక్కన పెట్టి చూస్తే తేలే విషయం ఒకటుంది. అడవి అంచున అసలు హద్దు నేల మీద కన్నా వేళల్లో ఎక్కువ ఉంటుంది. ఒకే డొంక, ఒకే వాగు, ఒకే చేను పగలు మనిషివి, రాత్రి జంతువువి. ఈ వంతులు నిలిచిన చోట వందల ఏళ్లుగా పెద్దగా గొడవ లేదు. ప్రాణాలు పోయినవన్నీ కాకపోయినా ఎక్కువ భాగం వంతులు కలిసిపోయిన గంటల్లోనివి: తెల్లవారుజాము ఇప్పపువ్వు, సందెవేళ మెట్లదారి, చీకట్లో గుండాలకోన నడక, రాత్రి పలమనేరు రహదారి. పులి దాడులు ఇందుకు కొంత భిన్నం, అవి పగలే జరిగాయి. పత్తి ఎత్తు పెరిగి పులికి పగలు కూడా చీకటే అయిందని వాటికి కారణం చెప్పుకోవచ్చు.

ఈ దృష్టితో చూస్తే అటవీ శాఖ పరిధిలో లేని నిర్ణయాలు కొన్ని వన్యప్రాణి విధానాలుగా మారతాయి. వ్యవసాయానికి రాత్రిపూట కరెంటు ఇచ్చిన రోజుల్లో రైతు అర్ధరాత్రి మోటారు దగ్గరికి పోయి పామును తొక్కాడు, లేదా ఎలుగుకు ఎదురుపడ్డాడు. ఆంధ్రప్రదేశ్‌లో పగటిపూట తొమ్మిది గంటల సరఫరా, తెలంగాణలో 2018 నుంచి రోజంతా సరఫరా రైతు ఓట్ల కోసం వచ్చినవే కావచ్చు. అంచు ఊళ్లలో అవి కాపాడిన ప్రాణాలను ఎవరూ లెక్కగట్టలేదు. ఇంటింటా మరుగుదొడ్డి, వంటగ్యాసు కూడా ఇలాంటివే. మొదటిది చీకటి వేళ ఊరవతలికి పోయే పనిని, రెండోది కట్టెల కోసం పొదల్లోకి పోయే పనిని తగ్గించాయి. హైదరాబాద్–శ్రీశైలం రహదారిని మన్ననూరు దగ్గర రాత్రి 9 నుంచి ఉదయం 6 వరకు మూసేయడం ఈ వంతుల సూత్రానికి అధికారిక రూపం. దాన్ని సడలించమని ఎప్పుడూ ఒత్తిడి ఉంటుంది. వేరే దారి ఉన్న ప్రయాణికుడి తొందర కోసం దాన్ని వదులుకోవడం తప్పు.

పట్టి వేరేచోట వదలడం

చిరుత కనబడగానే ఊరు అడిగేది ఒకటే: పట్టుకుపోండి. నాయకులకూ అది సులువైన హామీ. దీని ఫలితం మహారాష్ట్ర జున్నర్‌లో స్పష్టంగా తేలింది. అక్కడ 2001 నుంచి మూడేళ్లలో చాలా చిరుతలను పట్టి దూరపు అడవుల్లో వదిలారు. మనుషుల మీద దాడులు తగ్గకపోగా ఏడాదికి సగటున 4 నుంచి 17కు పెరిగాయి. వన్యప్రాణి పరిశోధకురాలు విద్యా ఆత్రేయ బృందం ఈ లెక్కలు విశ్లేషించి ప్రచురించింది. బోనులో గాయపడి, తెలియని చోట దిగిన చిరుత తిరిగి తన చోటికి నడవడం మొదలుపెడుతుంది, దారిలో ఊళ్లు తగులుతాయి. ఖాళీ అయిన చోటులోకి మరో చిరుత, తరచూ అనుభవం లేని కుర్ర చిరుత, వస్తుంది. అదే రాష్ట్రంలో అకోలే చెరకుతోటల్లో వంద చదరపు కిలోమీటర్లకు అయిదు వరకు చిరుతలు కుక్కలను తింటూ, మనుషులను ముట్టకుండా బతుకుతున్నాయని అదే పరిశోధకురాలి మరో అధ్యయనం చూపింది. మనిషిని చంపిన జంతువును పట్టడం తప్పనిసరి. కనబడ్డ ప్రతిదాన్నీ పట్టడం పక్క మండలానికి ప్రమాదాన్ని పంపడమే.

అడవిలోని మనుషులు

సహజీవనం గురించి రాసేవాళ్లు ఎక్కువగా అడవి బయట నిలబడి రాస్తారు. లోపల ఉన్నవాళ్ల సంగతి వేరు. నల్లమలలో బేస్ క్యాంపుల్లో పహారా కాసి, పులి అడుగులు గుర్తుపట్టి, ట్రాప్ కెమెరాలు కట్టే పనిలో చెంచులు పెద్ద సంఖ్యలో ఉన్నారు. అక్కడ పులులు పెరగడంలో వీరి వాటా పెద్దది, జీతం మాత్రం చిన్నది. 2006 అటవీ హక్కుల చట్టం ఇలాంటి సముదాయాలకు నివాస, సాగు, సేకరణ హక్కులు గుర్తించింది. టైగర్ రిజర్వు కోర్ ప్రాంతం నుంచి ఊరిని తరలించాలంటే ఆ హక్కులు ముందు తేలాలి, ఊరు ఒప్పుకోవాలి. కవ్వాల్‌లో రాంపూర్, మైసంపేట కుటుంబాలను 2024లో కడెం ప్రాంతానికి తరలించారు. కుటుంబానికి 15 లక్షల రూపాయలు, లేదా భూమీ ఇల్లూ ప్యాకేజీ. బడి, ఆసుపత్రి, రోడ్డు కోసం కోరి కదిలిన కుటుంబాలూ ఉంటాయి, ఇప్పచెట్టు వదలలేని కుటుంబాలూ ఉంటాయి. ఈ రెంటినీ ఒకే ఫారంలో నింపడం కుదరదు.

సంప్రదించకపోతే ఏమవుతుందో 2025లో తెలిసింది. తడోబా–కవ్వాల్ మధ్య పులుల దారిని కుమ్రం భీం సంరక్షణ ప్రాంతంగా ప్రకటిస్తూ తెలంగాణ ప్రభుత్వం 49వ నంబరు జీవో ఇచ్చింది. ఆ దారికి రక్షణ నిజంగా అవసరం. కానీ తమ భూములకు ఏమవుతుందో చెప్పేవారు లేక ఆదివాసీ సంఘాలు రోడ్డెక్కాయి, జీవోను పక్కన పెట్టవలసి వచ్చింది. పులికి దారి కావాలంటే ఆ దారిలో ఉన్న గూడెం ముందుగా పరుగున వచ్చి కబురు చెప్పేదిగా ఉండాలి. అది జీవోతో రాదు.

పరిహారం

ప్రాణనష్టానికి కేంద్రం 2023 డిసెంబరులో పరిహారాన్ని 5 లక్షల నుంచి 10 లక్షల రూపాయలకు పెంచింది. తీవ్ర గాయానికి 2 లక్షలు. ఈ భాగం కొంత నయం: కేసు పెద్దది, పత్రికలు వస్తాయి, అధికారి వస్తాడు, చెక్కు వస్తుంది. పశువు దగ్గర జాప్యం మొదలవుతుంది. కళేబరాన్ని కదపకుండా బీట్ ఆఫీసరు వచ్చేదాకా ఆగాలి, పశువైద్యుడు రాయాలి, పంచనామా కావాలి. రెండు రోజులు దాటితే విషం పూసే ఆలోచనకు సమయం దొరికినట్టే. తొలి సాయంగా కొంత సొమ్మును అక్కడికక్కడ ఇచ్చే పద్ధతి పెడితే, పులిని కాపాడడానికి అంతకన్నా చౌక మార్గం కనబడదు.

పంట నష్టం అన్నిటికన్నా అడుగున ఉంది. రెవెన్యూ, వ్యవసాయ, అటవీ శాఖలు మూడూ చూడాలి. ఈలోగా రైతు చేను దున్నేసి మరో పంట వేస్తాడు, చూపించడానికి ఏమీ మిగలదు. 2026 ఖరీఫ్ నుంచి ప్రధానమంత్రి ఫసల్ బీమాలో అడవి జంతువుల వల్ల కలిగే నష్టాన్ని చేర్చనున్నట్టు కేంద్రం 2025 నవంబరులో ప్రకటించింది. నష్టం జరిగిన 72 గంటల్లో ఫోన్ యాప్‌లో ఫొటోలతో తెలపాలి. కౌండిన్య అంచున, సిగ్నల్ కోసం గుట్ట ఎక్కవలసిన పల్లెల్లో 72 గంటలు తక్కువే. అయినా ఇది చాలాకాలంగా రావలసిన మార్పు.

దీని నుంచి కూడా జారిపోయేది కౌలు రైతు. అడవి అంచు భూముల్లో కౌలు చేసేవారు, పట్టా లేని పోడుదారులు ఎక్కువ. మంచె మీద కూర్చునేది వాళ్లే, ఏనుగుకు ఎదురుపడేది వాళ్లే. పరిహారం మాత్రం పాసుపుస్తకం ఎవరి పేరున ఉంటే వారికి పోతుంది. ఆంధ్రప్రదేశ్‌లో 2019 చట్టం కింద కౌలు రైతులకు పంట సాగుదారు హక్కు కార్డులు ఇస్తున్నారు. ఉమ్మడి రాష్ట్రంలో 2011 చట్టం ఇదే ఉద్దేశంతో వచ్చింది. ఇలాంటి కార్డు ఉన్నవారికి, పోడుదారు అయితే గ్రామసభ ధ్రువీకరించినవారికి వన్యప్రాణి పంట నష్టం సొమ్ము నేరుగా చేరేలా రెండు రాష్ట్ర ప్రభుత్వాలూ ఉత్తర్వులు ఇవ్వాలి.